కుడి జెట్‌లో చెంచయ్య వల

నేవీలో నా చివరి షిప్ పోస్టింగ్ ఒక జనవరి నెలలో విశాఖపట్నంలో మొదలైంది. రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్ల పైచిలుకు ఉంది. తీరానికి దగ్గరలో, లోతు తక్కువ నీళ్లలో పనిచెయ్యడానికి ప్రత్యేకంగా కట్టిన కొత్త యుద్ధనౌక అది. నా హోదా మాస్టర్ చీఫ్. సెయిలర్‌గా చేరినవాడు ఎక్కగలిగిన పై మెట్టు దాదాపు అదే. నా బాధ్యత ఇంజన్లు, వాటి వెనక ఉండే వాటర్ జెట్లు. నౌక పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ మార్చిలో నెల్లూరు తీరాన జరిగిన పొరపాటు నౌకది కాదు, నాది. నా తప్పుకు దాని పేరు తగిలించడం నాకు ఇష్టం లేదు.

అంతకుముందు నేను పెద్ద నౌకల మీద పనిచేశాను. వాటి ఇంజన్ రూములో ఒక చివర నుంచి పిలిస్తే రెండో చివర వాడికి వినపడదు. అలాంటి చోటు నుంచి వచ్చినవాడికి ఇది మొదటి రోజు బొమ్మ ఓడలా కనపడింది. నెల తిరక్కుండానే దాని మీద మమకారం పుట్టింది. నీళ్లలో మునిగి ఉండే భాగం మనిషిన్నర ఎత్తుకు మించదు. అడుగు నేలకు తగులుతుందని పెద్ద నౌకలు భయపడే చోటికి ఇది ధైర్యంగా వస్తుంది. శత్రువుల చిన్న జలాంతర్గాములు దాక్కోవడానికి వెతుక్కునేది కూడా అలాంటి చోటే. అందుకే దీన్ని కట్టారు.

దీనికి బయట తిరిగే ప్రొపెల్లర్ ఉండదు, చుక్కాని ఉండదు. అడుగున ఉన్న నోళ్లలోంచి నీటిని పీల్చి వెనక నుంచి బలంగా చిమ్ముతుంది. చిమ్మే గొట్టాన్ని పక్కకు తిప్పితే నౌక తిరుగుతుంది. గొట్టం మీద బకెట్ లాంటి మూత వాలిస్తే వెనక్కి నడుస్తుంది. నోటికి అడ్డంగా ఇనుప కమ్మీల జల్లెడ ఉంటుంది. లోపల తిరిగే రెక్కల చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు. అలాంటి జెట్లు మూడు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒకదాని తరవాత ఒకటి గొంతు సవరించుకుంటున్నట్టు ఉండేది. మధ్య జెట్ మాత్రం ఎప్పుడూ కాస్త గునిసి గానీ అందుకునేది కాదు. దాన్ని నేను నడిపి కోడలు అనేవాణ్ణి. తెలుగు ముక్క రాని హర్యానా కుర్రాళ్లు కూడా కంట్రోల్ రూములో నిలబడి, ‘నడిపి కోడలు ఓకే, చీఫ్ సాబ్’ అని రిపోర్టు ఇచ్చేవారు.

ఇక నా సంగతి. మాది కోవూరు వైపు ఒక పల్లె. వరి పండించే కుటుంబం. మా నాన్న సంఘంలో పెద్ద. ఆదివారం ప్రార్థనలో తప్పులు ఒప్పుకోవడం మాకు చిన్ననాటి నుంచి అలవాటు. అయితే ఆ అలవాటు నాతోబాటు ఇంజన్ రూములోకి దిగలేదు. సముద్రం మా ఊరికి బస్సు దూరంలోనే ఉన్నా, నేవీలో చేరేదాకా మైపాడులో కాళ్లు తడుపుకోవడం తప్ప దాని గురించి నాకు ఏమీ తెలియదు. కానీ నౌకలో ఉన్న నెల్లూరు మనిషిని నేనొక్కణ్ణే. నెల్లూరు అనగానే తీరం మనిషి అనుకున్నారు. చేపలు కొనాలన్నా, గాలి ఎప్పుడు తిరుగుతుందో తెలియాలన్నా నన్నే అడిగేవారు. నేను కాదనలేదు. అడిగించుకోవడం బాగుండేది.

మార్చిలో మాకు ఒక పని వచ్చింది. నెల్లూరు జిల్లా బోగోలుకు ఎదురుగా, తీరానికి బాగా దగ్గరలో, సముద్రం అడుగున ఒక డమ్మీని దించుతారు. అది జలాంతర్గామిలా శబ్దం చేసే యంత్రం. మా నౌక దాన్ని సోనార్‌తో, అంటే నీళ్లలోకి శబ్దం పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వినే పరికరంతో, వెతికి పట్టుకోవాలి. ఇలాంటివి చేసేముందు మత్స్యశాఖకూ మెరైన్ పోలీసులకూ నోటీసు వెళుతుంది. వాళ్లు ఊళ్లకు చెబుతారు. మా కమాండింగ్ ఆఫీసర్ పుణె వైపు మనిషి, కమాండర్ హోదా. ఆయనకు నోటీసు వెళ్లిందన్న మాట సరిపోలేదు. పడవ మీద పోయేవాడి చెవిన పడిందా లేదా అన్నది తనకు కావాలన్నారు. నౌక కృష్ణపట్నం రేవులో ఉండగా నన్ను పిలిచి, మెరైన్ పోలీసుల జీపులో ఊళ్లకు పంపారు. ‘మీ వాళ్లే కదా’ అని కూడా అన్నారు. ఆ మాటకు నా ఛాతీ ఉబ్బింది.

ఆఖరిగా వెళ్లినది పట్టపు వాళ్ల, అంటే సముద్రం మీద వేటతో బతికేవాళ్ల పాళెం. మధ్యాహ్నం దాటింది. ఇసుకలో వరసగా ఫైబర్ బోట్లు, వాటి నీడలో వలలు బాగుచేసుకుంటున్న మనుషులు. పెదకాపు పేరు రామయ్య. పెదకాపు అంటే ఊరికి పెద్ద. నేను చెప్పినదంతా విని, మీసం మీద చెయ్యి వేసుకుని నవ్వాడు.

“రేపొక్క రోజే గదా సార్. దురాయి ఏసేస్తాం, పోండి.”

దురాయి అంటే ఆ తీరపు ఊళ్లలో పెద్దలు కూడి పెట్టే ఆన. ఫలానా రోజు ఎవరూ వేటకు పోకూడదని దురాయి వేస్తే పోలీసు ఆర్డరుకు మించి నడుస్తుంది. దాటినవాడికి తప్పు, అంటే జరిమానా, వేస్తారు. అంతకంటే పెద్ద శిక్ష ఇంకొకటి ఉంది. అతని బోటుకు ఎవరూ భుజం పట్టరు. ఫైబర్ బోటును ఇసుకలోంచి నీళ్లలోకి ఒక్కడు నెట్టలేడు. కాబట్టి ఎవరూ దాటరు.

నేను ఇంజన్ మనిషిని, ఏదైనా రెండింతలు బిగించడం అలవాటు. రేపు తెల్లవారి నుంచి చాలదా అని రామయ్య అడిగితే, చాలదన్నాను. ఈ పూట నుంచే వెయ్యమన్నాను. ఒక్క బోటు కూడా కదలకూడదన్నాను. ఆయన చుట్టూ చూశాడు, నలుగురు తలలూపారు. దురాయి పడిపోయింది. నేను జీపు వైపు నడిచాను.

అప్పుడు ఒక మనిషి బోటు చాటు నుంచి లేచి వచ్చాడు. నలభై లోపు వయసు, తలకు తువ్వాలు. ఆయనే చెంచయ్య. పట్టేది ఎండ్రకాయలు, అంటే పీతలు.

“సార్, నా ఎండ్రకాయల వల నీళ్లలో ఉండాది. ఎర్ర జెండా. తెల్లారేలోపల పోయి ఎత్తుకోవాల.”

“రేపు సాయంత్రం ఎత్తుకుందువులే అబ్బయా. ఒక్క పూటకి ఎండ్రకాయలు యాడికీ పోవులే” అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వును నేను ఒప్పుకోలు అనుకున్నాను.

“ఎండ్రకాయల గురించి కాదు సార్. ఆ వల పోతే నిషేధం ఎత్తేదాకా నేను ఇంట్లో కూర్చోవాల…”

ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు మోటారు బోట్ల మీద వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం. దానికి ముందున్న కొద్ది రోజుల వేటతోనే ఆ రెండు నెలలూ నెట్టుకొస్తారు. ఇదంతా నాకు తెలుసు. ఆయన మాట సగం వినపడింది కూడా. అప్పటికే నేను జీపులో ఒక కాలు పెట్టాను. డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు. నేను రెండో కాలు కూడా పెట్టాను.

రేవుకు వచ్చాక కమాండర్ గారు, బోట్లు ఉండవా అని అడిగారు. ఒక్కటీ ఉండదన్నాను. అది నిజం. మరి వలలు అని అడిగారు. బోటే లేనప్పుడు వల ఎక్కడుంటుంది సార్ అన్నాను. ఆయన నమ్మారు. తీరం మనిషి మాట కదా.

మర్నాడు ఉదయం సముద్రం అద్దంలా ఉంది. కనుచూపు మేర ఒక్క బోటు లేదు. నేను కంట్రోల్ రూములో ఉన్నాను. ఇంజన్లనూ జెట్లనూ నడిపే మీటలు, తెరలు అన్నీ ఉండే గది అది. నడిపి కోడలు కూడా ఆ రోజు మారాం చెయ్యకుండా అందుకుంది. సోనార్ వాళ్లు డమ్మీ గొంతు దొరికిందన్నారు. నౌక తీరం వైపు తిరిగింది.

కాసేపటికి బ్రిడ్జి నుంచి, అంటే పైన నౌకను నడిపే గది నుంచి, ఇంటర్‌కమ్‌లో కమాండర్ గారి గొంతు వచ్చింది. ముందు కాపలా ఉన్న సెయిలర్‌కు నీళ్ల మీద ఎర్ర జెండా కనపడిందట. ఏమై ఉంటుందని నన్ను అడుగుతున్నారు.

ఆ క్షణంలో చెంచయ్య గుర్తుకు రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. గుర్తొచ్చాడు. ఎర్ర జెండా అన్న మాట కూడా ఆయన గొంతుతోనే వినపడింది. కానీ నిన్న అంత గట్టిగా లేవని చెప్పినవాణ్ణి, ఇప్పుడు ఉందని చెప్పడానికి నోరు రాలేదు. పాతదై ఉంటుంది సార్, తాడు తెగి కొట్టుకొచ్చి ఉంటుందన్నాను. అయినా ఆయన జాగ్రత్తకొద్దీ జెండాను ఎడమకు వదిలి నౌకను కుడికి తిప్పారు. జెండా ఉండేది వలకు ఒక కొసన. రెండో కొసకు కట్టిన తాడు జెండా లేకుండా, చిన్న బెండుతో నీళ్ల మీద తేలుతుంది. మేము సరిగ్గా దాని మీదికి పోయాం.

మొదట కుడి జెట్ గొంతు మారింది. తెర మీద ఇంపెల్లర్ వేగం పడిపోయింది, ఇంజన్ మీద భారం ఎగిరింది, అలారం మోగింది. నేల కింద ఎవరో గొలుసు లాగుతున్నట్టు నౌక వణికింది. నేను ఆ జెట్ క్లచ్ విడగొట్టి, మిగతా రెండూ ఆపమని బ్రిడ్జికి చెప్పాను. నౌక ఆగింది. లోతు పది బారలైనా లేదు, లంగరు వేశారు.

జెట్‌లో ఏదైనా ఇరుక్కుంటే మొదట చేసేది ఇంపెల్లర్‌ను వెనక్కి తిప్పి నీటితో బయటికి నెట్టించడం. నాచు, ప్లాస్టిక్ సంచులు అయితే పోతాయి. తాడు చుట్టుకుంటే ఇంకా బిగుస్తుంది. అందుకని తిప్పించలేదు. తరవాతి పద్ధతి, లోపల నుంచి గొట్టం మూత తెరిచి, కింద నుంచి డైవర్‌ను దించి, చుట్టుకున్నది కోసెయ్యడం. కత్తులు ఆ పక్కనే గోడకు తగిలించి ఉంటాయి. ఒక కుర్రాడు అప్పుడే ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఆగమన్నాను. పైకి వెళ్లాను.

కమాండర్ గారికి నిలబడి చెప్పాను. వల చెంచయ్య అనే ఆయనదని, నిన్న నాకు చెప్పబోతే వినలేదని, నిన్నటి పూట నుంచే దురాయి వెయ్యమన్నది నేనేనని, అలా వేయించి ఉండకపోతే ఆయన తెల్లవారేలోపే వచ్చి వల తీసుకుని ఉండేవాడని. జెండా సంగతి కూడా చెప్పాను.

ఆయన రెండే అడిగారు. కోస్తే ఎంతసేపు, కొయ్యకుండా లాగితే ఎంతసేపు. కోస్తే గంట, లాగితే మధ్యాహ్నం దాటవచ్చన్నాను. ఆయన ఒక హద్దు పెట్టారు. ఎండ ఎక్కాక దక్షిణపు గాలి లేస్తుంది, కెరటం వస్తుంది, నౌక అడుగు లేచి పడుతుంది. ఆ అడుగు కింద డైవర్ తల ఉంటుంది. కెరటం మొదలైన క్షణం డైవర్ పైకి వస్తాడు, మిగిలినది కోసెయ్యాలి. అప్పటిదాకా వలను కాపాడుకోవచ్చు. న్యాయమైన హద్దు. సరేనన్నాను.

వలకు జెండా ఉన్న కొస రాళ్లు కట్టి అడుగున ఉంది. అది ఎత్తితే తప్ప ఇటువైపు బిగువు తగ్గదు. ఎత్తాల్సింది చెంచయ్య. కానీ చెంచయ్య దురాయిలో ఉన్నాడు. రామయ్యకు ఫోన్ చేశాను. ఒడ్డు దగ్గరే కాబట్టి సిగ్నల్ ఉంది.

“ఏసినోడివీ నువ్వే, ఎత్తమనేదీ నువ్వేనా సార్?” అన్నాడు రామయ్య. “దురాయి నేనొక్కణ్ణే ఏసింది గాదు. నేనొక్కణ్ణే ఎత్తలేను. ఊరు కూడాల.”

“కూడమని చెప్పండయ్యా. తప్పు నాది. చెంచయ్య వల మా ఓడ మింగేసింది. నిన్న ఆయన చెప్తానే ఉంటే నేను వినలేదు. ఆ మాట నలుగురిలో చెప్పండి.”

అవతల రామయ్య ఎవరినో మైకు తెమ్మని కేకేశాడు.

“మైకులో చెప్తా. నువ్వన్నట్టే చెప్తా.”

తరవాత తెలిసింది, నా మాటలు మాట పొల్లు పోకుండా మైకులో చదివాడట. ఊరు కూడింది, దురాయి ఎత్తింది. చెంచయ్య బోటును పది మంది నెట్టారు.

ఈలోగా మేము పని మొదలుపెట్టాం. మా డైవర్ నాయక్ ఒడిశా వాడు, నీళ్లలో చేపలాగే ఉంటాడు. కింద జల్లెడ కమ్మీల మధ్య చిక్కిన వల కన్నులను, అంటే గళ్లను, ఒక్కొక్కటిగా తప్పిస్తున్నాడు. నేను లోపల మూత తెరిచి, బోర్లా పడుకుని, భుజాల దాకా చేతులు గొట్టంలో పెట్టి, ఇంపెల్లర్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పుతూ తాడు వదులు చేస్తున్నాను. వదులైన వలను నా వెనక కుర్రాళ్లు అందుకుని మడత పెడుతున్నారు. దాంట్లో ఎండ్రకాయలు కూడా ఉన్నాయి, బతికే ఉన్నాయి. ఒకటి మా ఎలక్ట్రికల్ చీఫ్ వేలు పట్టుకుంది. ఆయన తమిళంలో అరిచినదంతా నాకు అర్థమైంది గానీ ఇక్కడ రాయను.

బోటు వచ్చేసరికి సగం పైగా బయటపడింది. యుద్ధనౌక లోపలికి బయటివాళ్లను రానివ్వరు. చెంచయ్య, తోడొచ్చిన తన బావమరిదితో, నౌక వెనకవైపు బోటులోనే నిలబడి తల ఎత్తి చూశాడు. నేను చేతులకు గ్రీజుతో డెక్కు మీదికి వెళ్లాను.

“నువ్వేనా అన్నా, ఎండ్రకాయలు యాడికీ పోవన్నది?”

“నేనే.”

“చూసినావా, మీ ఓడలోకి పోయినాయి.” బావమరిది వైపు తిరిగాడు. “ఇంత ఓడకి నోరు అడుగున పెట్టినారు చూడరా. కళ్లు యాడ పెట్టినారో మరి.”

బావమరిది నవ్వబోయి ఆపుకున్నాడు. నా పక్కనున్న సెయిలర్లు అర్థం ఏమిటని అడిగారు. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. వాళ్లు ఆపుకోలేదు.

చెంచయ్య వెళ్లి జెండా కొస రాళ్లు ఎత్తాడు. ఆ తరవాత పని వేగంగా సాగింది. మడతలు పెరిగాయి. ఇంకొక్క చుట్టు, ఇంపెల్లర్ ఇరుసు దగ్గర బిగిసిపోయిన ముద్ద మాత్రం మిగిలింది. అందులోనే వల నడుమ భాగం ఉంది. నాకు ఇంకో గంట దొరికితే వచ్చేసేదని ఇప్పటికీ అనుకుంటాను. దొరకలేదు. నా గడ్డం కింద ఇనుము మెల్లిగా లేచింది, పడింది. మళ్లీ లేచింది. పైనుంచి ఆర్డరు వచ్చింది, నాయక్‌ను లాగేశారు.

మళ్లీ డెక్కు మీదికి వెళ్లాను. బోటు ఎగిరెగిరి పడుతోంది.

“చెంచయ్యా, గాలి లేచింది. ఇంక మనిషిని కింద పెట్టలేం. కొయ్యాలి.”

ఆయన నోటికొచ్చినట్టు తిట్టాడు. నన్ను, నౌకను, గాలిని, దురాయిని, రామయ్యను. తరవాత బోటు నడుమ కూలబడి, నౌకకు వీపు పెట్టి కూర్చున్నాడు.

“కొయ్యి. నన్ను చూడమనొద్దు.”

కింద కుర్రాళ్లు తామే కోస్తామన్నారు. ఇవ్వలేదు. నేనే కోశాను. నైలాను తెగేటప్పుడు పెద్ద చప్పుడు రాదు.

తరవాతి సంగతులు పద్ధతి ప్రకారమే జరిగాయి. నౌక రెండు జెట్ల మీద కృష్ణపట్నం చేరింది. ఇంపెల్లర్ రెక్కలు పరీక్షించడానికి అక్కడే నిలిపారు. విచారణ జరిగింది. మత్స్యకారులు నోటీసును ఉల్లంఘించారని రాయడం అన్నిటికంటే తేలిక. అలా రాసి ఉంటే ఆ పాళెం ముందున్న నీళ్లలో వలలు వెయ్యడానికే అభ్యంతరాలు వచ్చేవి. కమాండర్ గారు జరిగింది జరిగినట్టు రాశారు. నేను నా వాంగ్మూలం ఇచ్చాను. నాకు హెచ్చరిక వచ్చింది, నా సర్వీసు కాగితాల్లో ఉంది. చెంచయ్యకు నష్టపరిహారం కోసం కమాండర్ గారే సిఫారసు చేశారు. కానీ అలాంటివి ఎంత కాలానికి వస్తాయో ప్రభుత్వ ఉద్యోగం చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నిషేధం మాత్రం దగ్గర పడుతోంది. వల నడుమ తెగి రెండు ముక్కలుగా, చిరుగులతో ఇసుకలో పడి ఉంది.

దారి చూపించింది మా బఫర్. నేవీలో తాళ్లకూ లంగరుకూ డెక్కు పనికీ పెద్దను బఫర్ అంటారు. ఆయన అమృత్‌సర్ సర్దార్, ముడి వెయ్యడంలో తనను మించినవాడు లేడని గట్టి నమ్మకం. నౌక ఎలాగూ కదలదు, సెలవు ఇస్తే తన మనుషులతో వెళ్లి ఆ వల కుట్టి ఇస్తానన్నాడు. కమాండర్ గారు వ్యాను ఇచ్చారు. ఆజ్ఞ కాదు, ఇష్టమైనవాళ్లు వెళ్లమన్నారు. వ్యాను నిండింది.

పాళెంలో చెంచయ్య మమ్మల్ని చూసి పలకరించలేదు. ఆయన భార్య కామాక్షమ్మ వచ్చి, మమ్మల్ని కింది నుంచి పైకి చూసి, ఇసుకలో వల పరిచింది. వెదురు సూదులు, దారం ఇచ్చింది. సర్దార్ మొదటి కన్ను వేసి, ముడి బిగించి, గర్వంగా చూపించాడు. ఆమె దాన్ని వేలితో లాగి చూసి పక్కనున్న ఆడవాళ్లకు చూపించింది.

“ఈ సారోళ్ల ముడి ఏనుగును కట్టేదానికి బాగుంటాది. దీంట్లో నా తల పడతాదేమో చూడవే.”

ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. నేను అనువదించాను. సర్దార్ మొహం ఎర్రబడింది. ముడి విప్పి మళ్లీ వేశాడు. ఆమె మళ్లీ విప్పించింది. మధ్యాహ్నానికి ఆయన ఆమె దగ్గర బడిపిల్లాడిలా కూర్చుని, కన్ను కొలతకు చెక్కముక్క ఎలా పెట్టాలో నేర్చుకుంటున్నాడు. నాకు ముడులు రావు. ఖాళీ అయిన సూదులకు దారం చుట్టే పని నాకిచ్చారు.

“ఏందన్నా, అంత ఓడ నడిపేటోడివి, దారం ఇట్టా చుట్టినావే? పిల్లి ఆడుకున్నట్టుండాది” అంది కామాక్షమ్మ.

విప్పి మళ్లీ చుట్టాను. సాయంత్రం ఆమె చెంబుతో టీ తెచ్చింది. అందరికీ పోసి, నాకు ఆఖరున పోసింది. అది సబబే అనిపించింది. చెంచయ్య ఆ రోజంతా నా దగ్గరికి రాలేదు. మర్నాడు నా పక్కన కూర్చుని, నేను చుట్టిన సూది ఒకటి తీసుకుని వల కుట్టడం మొదలుపెట్టాడు.

అలా నాలుగైదు రోజులు వెళ్లాం. నిషేధానికి ముందే వల నీళ్లలోకి దిగింది. కొత్త కుట్లున్న చోట కాస్త పొట్టిగా, బిగుసుగా ఉండేదట. అయినా ఎండ్రకాయలు పడ్డాయి. పోయిన రోజులు మాత్రం తిరిగి రాలేదు. ఆ ఏడు నిషేధంలో వాళ్ల ఇల్లు కొంత ఇబ్బందిగానే గడిచిందని రామయ్య ద్వారా విన్నాను. వల కుట్టి ఇచ్చాం కాబట్టి లెక్క సరిపోయిందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

నౌకలో ఒక పద్ధతి మారింది. తీరం దగ్గర పని ఉన్నప్పుడు, బోట్లను తప్పుకోమనే సమయానికి ముందు, వేసిన వలలు ఎత్తుకోవడానికి ఊళ్లకు ఒక పూట విడిగా ఇవ్వాలని కమాండర్ గారు మా స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే నౌకలో ఎప్పుడూ అమల్లో ఉండే ఆదేశాలలో, చేర్చారు. జెండా ఏది కనపడినా అది ఎవరిదో తేలేదాకా దానికి రెండు వైపులా దూరంగా ఉండాలని కూడా. నేను దిగిపోయేదాకా ఆ రెండూ నడిచాయి.

నేర్చుకున్నది ఏమిటని అడిగితే, అది నాకు అంతకుముందే తెలిసిన విషయం. భారం మీద పరుగెత్తి వచ్చిన డీజిల్ ఇంజన్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. భారం తీసి, కాసేపు ఊరికే తిరగనిచ్చి, వేడి దిగాక ఆపాలి. కొత్తగా వచ్చిన ప్రతి సెయిలర్‌కూ దీన్ని నేనే నేర్పేవాణ్ణి. ఒక ఊరిని ఆగమని అడిగిన రోజు మాత్రం ఆ కాసేపు ఇవ్వలేదు. ఆగమని చెప్పగలిగిన అధికారం ఉన్నవాడు, ఎదుటివాడి పని ఏది సగంలో ఉందో ముందు అడిగి తెలుసుకోవాలి. జవాబు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడాలి.